చెయ్యి నడిపే పెట్టె

పాటలపెట్టె పోయిన రోజు అది పాడుకుంటూనే పోయింది.

కదిరమ్మ దాన్ని ఎప్పటిలాగే పాత తువ్వాలలో చుట్టి, సాళ్ల నడుమ కుప్పేసిన కలుపు మీద పెట్టింది. అరచేతిలో ఇమిడే ఎర్ర పెట్టె. లోపల గోరంత మెమరీ కార్డు, ఆ కార్డులో జట్టు ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఏరి వేయించుకున్న పాటలు. ఎండకు పెట్టె వేడెక్కకుండా తువ్వాల, గాలికి తువ్వాల ఎగిరిపోకుండా పైన పిడికెడు గరిక. అలా పెట్టేసి ఆమె మళ్లీ వంగి, కొడవలి మొనతో వేరుశనగ మొక్కల మొదళ్లు గీరుకుంటూ ముందుకు పోయింది. ఆమెకు అటూ ఇటూ తక్కిన ఆడవాళ్లు ఒకే వరసలో పోతున్నారు.

వెనుక నుంచి చేని ఆసామి నారాయణప్ప ట్రాక్టరు తోలుకుంటూ వచ్చాడు. కుప్ప దగ్గర ఆపడం, దిగడం, రెండు చేతులా కలుపు ఎత్తి ట్రాలీలో పడెయ్యడం, మళ్లీ ఎక్కడం. ఇంజను చప్పుడులో ఆయనకు వేరే ఏదీ వినిపించలేదు. ట్రాక్టరు గట్టు దాటి మలుపు తిరిగాక ఎలిజబెత్ తల ఎత్తింది.

"ఏమక్కా, పాట నడిచిపోతాండాది?"

కదిరమ్మ వెనక్కి తిరిగింది. కుప్ప లేదు.

అందరూ కొడవళ్లు పట్టుకునే పరిగెత్తారు. కొడవళ్లతో తన వైపు ఉరికి వస్తున్న ఆడవాళ్లను చూసి నారాయణప్ప, ఏమనుకున్నాడో ఏమో, ఇంకొంచెం తొందరగా తోలాడు. నీళ్లు లేని వంకలో కలుపంతా పారబోసి, ఖాళీ ట్రాలీతో తిరిగి వస్తూ ఎదురుపడ్డాడు.

"ఏమైందిమే? ఏమన్నా పామా?"

"పాము గాదన్నా, పాట!" అంది కదిరమ్మ ఆయాసంతో.

వంకలో నిన్నటిదీ మొన్నటిదీ కలుపు గుట్టగా పడి ఉంది. తువ్వాల దొరికింది. పెట్టె దొరకలేదు. జట్టులో అందరికంటే పెద్దదైన తిరుపాలమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడి, "పాడతానే ఉంటాది గదా. నోర్లు మూసుకొని వినండే" అని గద్దించింది.

అందరూ నోర్లు మూసుకున్నారు. గాలి, దూరంగా ఎవరిదో బోరు మోటారు. తిరుపాలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని అందరికంటే శ్రద్ధగా విన్నది. తర్వాత నమ్మకంగా ఒకచోటు చూపించి, "అదో, ఆడ" అంది. అక్కడ తవ్వారు. రాయి దొరికింది.

"నా చేత్తోనే పోయినాది" అన్నాడు నారాయణప్ప తల గోక్కుంటూ. "రేపు నేనే ఇంకోటి తెచ్చిస్తాలే. దానికంటే పెద్దది."

పాట లేకుండా ఆ పూట సాగలేదు. ఫోన్లో పెట్టుకోవచ్చు గదా అని వినేవాళ్లకు అనిపిస్తుంది. జట్టు అదీ చేసి చూసింది. పాట నడుమ ఫోను మోగుతుంది. మోగిన ఫోను గలామె నిలబడుతుంది. ఒకరు నిలబడితే నడుము నొప్పి అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది. అందుకే ఫోన్లు సద్దిగంపలోనే ఉంటాయి.

మరుసటి రోజు నారాయణప్ప తెచ్చిన పెట్టెను చూసి ఎలిజబెత్, "ఇది పెట్టె గాదు, బీరువా" అంది. మోకాలి ఎత్తు, నీలం రంగు, రెండు పక్కలా వలలాంటి మూతలు. మీట నొక్కగానే చుట్టూ ఎర్ర దీపాలు వెలిగాయి, లోపల నుంచి ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో కోప్పడింది. నారాయణప్ప దాన్ని బోరు దగ్గర స్టార్టరు పెట్టె ఉన్న కంబానికి తాడుతో కట్టాడు.

"మా మేనల్లుడు పాటలు వేసిచ్చినాడు. వినండి" అన్నాడు, పెండ్లికి పిలిచినట్లు.

అవి ఊరేగింపు పాటలు. డప్పులు ముందు, గొంతు వెనుక. మొదటి పాటకే జట్టులో చిన్నవాళ్లు నవ్వుకుంటూ భుజాలు ఊపారు. రెండో పాటకు చేతులు ఊపందుకున్నాయి. తర్వాత ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఊపిరి చాలలేదు. డప్పు ఎట్లా కొడితే కొడవలి అట్లా పడుతోంది.

"మనం కలుపు తీస్తాండామా, తిరునాళ్లలో ఎగర్తాండామా అక్కా?" అని ఎలిజబెత్ రొప్పుతూ అడిగింది.

"రెండూ" అంది కదిరమ్మ. ఆమె చెయ్యి అందరికంటే ముందు పోతోంది. జట్టుపెద్ద గనక ఎప్పుడూ నడిమి సాలు ఆమెదే.

నారాయణప్ప గట్టు మీద నిలబడి కాసేపు సాళ్లను చూశాడు, కాసేపు పెట్టెను చూశాడు. ఆయన మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. ఆయన తొందర ఆయనది. కాయలు కట్టే వేరుశనగ ఊడలు నేలలోకి దిగితే ఇక కొడవలి పెట్టడానికి ఉండదు, ఉన్న కలుపు ఉన్నట్టే ఉండిపోతుంది. ఆయన పోయి శబ్దం ఇంకొంచెం పెంచాడు.

అప్పుడు కదిరమ్మ పక్కకు చూసింది. పక్క సాల్లో తిరుపాలమ్మ లేదు. బాగా వెనుక, ఒక్కతే, తల వంచుకొని గీరుకుంటూ వస్తోంది.

జట్టులో ఒక పద్ధతి ఉంది. ఒకరి సాలు వెనుకబడితే అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ సాలు గీరుతూనే ఒక చెయ్యి ఆ సాల్లోకీ చాచి నాలుగు పోచలు పీకుతారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. వరస చెదరకుండా అట్లా పోతుంది. తిరుపాలమ్మ పక్క సాలు ఆమె కూతురు సునందది. పోయిన కార్తీకంలో సునంద చనిపోయింది. అప్పటి నుంచి తిరుపాలమ్మ సాలు కదిరమ్మ పక్కకు వచ్చింది. ఎందుకని ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కానీ ఆ రోజు డప్పులు ఎవరికీ రెండో చెయ్యి మిగల్చలేదు.

సాయంత్రం ఆటో ఎక్కబోతుంటే నారాయణప్ప కదిరమ్మను పక్కకు పిలిచాడు.

"ఆ పెద్దామెను ఇంకింట్లో ఉండమనుమే. చూస్తే పాపమనిపిస్తాండాది. ఆమెకోసం అందరూ నిలబడుకుంటే నా చేను ఎప్పుడైతాది చెప్పు?" ఆయన గొంతులో కోపం లేదు. అదే కదిరమ్మకు కష్టంగా ఉంది. కోపానికైతే జవాబు ఉండేది.

ఆటోలో తిరుపాలమ్మ ఆమె మొహంలోకి చూసి, "ఏమంటాడు నారాయణప్ప?" అని గట్టిగా అడిగింది. ఆమె ఎప్పుడూ గట్టిగానే అడుగుతుంది.

"ఎండ ఎక్కువుండాదంట" అని ఆటో చప్పుడులో ఆమె చెవి దగ్గర అరిచింది కదిరమ్మ.

"దానికి నేనేం చేద్దునంట?" అని తిరుపాలమ్మ ముఖం తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ తిరిగి, ఎవరూ అడగకుండానే చెప్పింది. "ఇంట్లో కూర్చుంటే పొద్దుపోదు కదిరీ. గోడ కూడా మాట్లాడదు."

కదిరమ్మ ఆటో కమ్మీ గట్టిగా పట్టుకుంది.

మర్నాడు ఆదివారం, పని లేదు. ఎలిజబెత్ ప్రార్థన ముగించుకొని వచ్చేదాకా ఆగి, కదిరమ్మ ఆమెను వెంటబెట్టుకొని రాప్తాడుకు బస్సెక్కింది.

"ఊరికే ఇచ్చినది ఉండాది గదక్కా" అంది ఎలిజబెత్. "చిన్నోళ్లు ఆ బీరువా మీద ప్రాణం పెట్టుకోనుండారు."

"నారాయణప్పన్న పెట్టె నారాయణప్పన్న మాట వింటాది. మనకు మన పెట్టె కావల్ల. నిదానంగా పాడేది."

హైవే పక్కన శశికుమార్ సెల్లు షాపు. అద్దాల బల్ల, దాని వెనుక శశికుమార్, ముందు బెంచీ మీద రీచార్జి కోసం కూర్చున్న ఒకాయన. పాటలపెట్టె అనగానే శశికుమార్ హుషారుగా లేచి వరసగా తీసి పెట్టాడు.

"ఇది చూడక్కా. కొత్తది. తెర ఉండాది, పాట పేరు కనిపిస్తాది. చెవుల్లో పెట్టుకుంటే సినిమాహాల్లో ఉన్నట్లే."

"ఒకామె చెవుల్లో పెట్టుకుంటే మిగిలినోళ్లం ఆమె మొగం చూసుకుంట కలుపు తీయల్లనా?" అంది ఎలిజబెత్.

దాన్ని పక్కన పెట్టాడు. గుండ్రంగా, చెంబులా ఉన్న ఇంకోటి తీశాడు. "ఇది బ్లూటూతు. దీనికి జతగా ఫోను ఉండల్ల. ఫోన్లో పాట పెడితే ఇది పాడుతుంది."

"ఫోను లేకుంటే?"

"పాడదు."

"మొగుడు ఊఁ అంటే తప్ప నోరు తెరవని పెండ్లాం మాదిరి" అంది కదిరమ్మ. బెంచీ మీద ఆయన నవ్వి, తన ఫోను మోగడంతో నవ్వు ఆపాడు.

ఆఖరుకు రెండు మిగిలాయి. రెండూ కార్డు వేసుకొని సొంతంగా పాడేవే. ఒకటి పచ్చటిది, నిగనిగలాడుతోంది. ఇంకొకటి బూడిదరంగు, పైన చిన్న పిడి, శశికుమార్ పై అర లోంచి దుమ్ము దులిపి తీశాడు. పచ్చదాని గురించి చాలా చెప్పాడు. వాట్లు చెప్పాడు, బేసు చెప్పాడు, ఒకసారి చార్జి పెడితే ఎంతసేపు వస్తుందో చెప్పాడు. బూడిదదాని గురించి ఏమీ చెప్పలేదు.

కదిరమ్మ అంతా విన్నది. "అదంతా సరేగానీ నాయనా, చెయ్యి నడుస్తాదా?"

"చెయ్యా?"

ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని గచ్చు మీద గొంతుకూర్చుంది. ఎడమ చేత్తో లేని మొక్కను పక్కకు ఒత్తి, కుడిచేత్తో లేని కొడవలి పట్టుకుంది. ఎలిజబెత్ కూడా పక్క సాల్లో కూర్చుంది.

"అక్కా, ఈడ కలుపు లేదు" అన్నాడు శశికుమార్.

"తెలుసులేప్పా. నువ్వు పాట పెట్టు."

అతను పచ్చదానిలో పాత పాట ఒకటి పెట్టాడు. ఇద్దరూ అద్దాల బల్ల దగ్గర మొదలుపెట్టి వాకిలి వైపు గచ్చు గీరుకుంటూ పోయారు. బెంచీ దగ్గరికి వచ్చాక కదిరమ్మ తల ఎత్తకుండానే, "ఆ కాలు తీయన్నా, సాలుకు అడ్డం ఉండావు" అంది. ఆయన రెండు కాళ్లూ బెంచీ మీదికి ఎత్తుకున్నాడు. ఇంకొకాయన లోపలికి రాబోయి, గుమ్మంలో వాళ్లను చూసి, చెప్పులు విడవాలేమో అనుకొని విడిచాడు.

"ఆపు" అంది కదిరమ్మ వాకిట్లో. "పరిగెత్తిస్తాండాది."

"అక్కా, అది అదే పాత పాట. మీరు అడిగినదే."

"పాట నిదానమే. లోపల డప్పు బిరీన పోతాండాది. డప్పు పైకి తేలి, గొంతు అడుక్కు పోయినాది. చెయ్యి డప్పు ఎంబడే పడుతుంది. అదే పాట ఆ బూడిదదాంట్లో పెట్టు."

బూడిదరంగు పెట్టె ఖంగుమని పాడలేదు. జలుబు చేసిన మనిషి కప్పుకున్న దుప్పట్లోంచి పాడినట్లు పాడింది. డప్పులు ఎక్కడో గోడ అవతల కొట్టినట్లున్నాయి. గొంతు మాత్రం తెలుస్తోంది. ఇద్దరూ వాకిలి నుంచి మళ్లీ బల్ల దాకా గీరుకుంటూ వచ్చారు. వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నడిచినాది" అంది ఎలిజబెత్.

"ఇదియ్యి" అంది కదిరమ్మ.

శశికుమార్‌కు మనసు ఒప్పలేదు. "అక్కా, నేనే చెప్తాండా వినండి. అది డబ్బా. అమ్ముడుపోక పైన పెట్టినా. దాంట్లో బేసే లేదు."

"ఆ లేనిదే మాకు కావల్ల."

పాటలు ఏరడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఒక పాట నడుమ హీరో మాటలు వచ్చాయి, చెయ్యి ఆగిపోయింది, తీసేయించారు. ఒకటి నిదానంగా మొదలై, ఇద్దరూ గచ్చు నడుమకు వచ్చాక ఉన్నట్టుండి దరువు అందుకుంది. "దొంగ పాట" అని ఎలిజబెత్ దాన్నీ తీసేయించి, తన ఫోన్లోంచి ఆదివారం ప్రార్థన పాటలు కొన్ని ఎక్కించమంది. శశికుమార్ కదిరమ్మ వైపు చూశాడు.

"వేయప్పా" అంది కదిరమ్మ. "దేవుడు ఎవరైతే ఏమి, చెయ్యి నిదానంగా పోతే చాలు."

కుదరకపోతే తిరిగి తెమ్మని శశికుమారే అన్నాడు. ఆ పెట్టె గురించి అతనికి అంత నమ్మకం.

సోమవారం పొద్దున ఆటోలోంచి తిరుపాలమ్మ కూడా దిగడం చూసి నారాయణప్ప కదిరమ్మ దగ్గరికి వచ్చాడు.

"నేను చెప్పినా గదమే."

"ఈ ఒక్క దినం చూడన్నా. మా పెట్టె వచ్చినాది. దీంతో ఎవురూ వెనకపడరు."

నారాయణప్ప బూడిదరంగు పెట్టెను చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, నవ్వు ఆపుకుంటూ తిరిగిచ్చాడు. "సరే. మాపటికి చూస్తా. ఆమె సాలు వెనకుంటే మాత్రం రేపు నేను చెప్పినట్లే." పెద్దమనిషి తరహాలో పోయి తన పెట్టె తనే ఆపేశాడు.

చిన్న పెట్టెను ఈసారి కలుపు కుప్ప మీద పెట్టలేదు. ఎలిజబెత్ కొంగుకు కట్టుకుంది. పాట వచ్చింది. జట్టు వంగింది.

కదిరమ్మ చెవికి పాట నిదానంగానే ఉంది. కానీ గట్టు మీద నారాయణప్ప ఉన్నాడు. ఆయన చూస్తున్నాడు. ఈ డబ్బాతో కూడా పని సాగుతుందని ఆయనకు తెలియాలి. తెలిస్తేనే తిరుపాలమ్మకు రేపు ఉంటుంది. ఆ ఆలోచనతో ఆమె ఒక మొక్క ముందుకు పోయింది. ఇంకో మొక్క. పక్కవాళ్లు ఆమెను అందుకున్నారు. ఆమె ఇంకా ముందుకు పోయింది. పెట్టె ఒకపక్క నిద్ర పుచ్చుతున్నట్లు పాడుతోంది, జట్టు మరోపక్క ఇల్లు కాలుతున్నట్లు గీరుతోంది.

సద్దికి లేచేసరికి తిరుపాలమ్మ మొన్నటికంటే వెనుక ఉంది.

చేని మూల కానుగచెట్టు కింద అందరూ గిన్నెలు విప్పారు. తిరుపాలమ్మ వచ్చి కదిరమ్మ ఎదురుగా కూలబడింది. సంగటి ముద్ద విప్పలేదు.

"ఏం పుట్టింది నీకు?" అంది. "ఎవురు తరుముతాండారు నిన్ను?"

"నేనేం చేసినా అత్తా?" అని కదిరమ్మ ముందుకు వంగి గొంతు పెంచింది. "నీకోసమే గదా ఇంత దూరం పోయి నిదానం పాటల పెట్టె తెచ్చింది. పాట ఎంబడే రాకూడదా నువ్వు?"

"ఏ పాట?"

"అదే, పెట్టెలో పాట."

తిరుపాలమ్మ అటూ ఇటూ చూసింది. తర్వాత విసుగ్గా చెప్పింది, ఎవరికో తెలిసిన సంగతి మళ్లీ చెప్పినట్లు. "నాకు ఆ పెట్టె ఎప్పుడు వినిపించినాది? చెవుల కాడ ఇట్ల అరిచి చెప్తే తప్ప నాకేమీ వినపడదు. ఆ నారాయణప్ప పెద్దది తెచ్చె, అది కాళ్లకింద దడదడమనె. అంతే."

జట్టులో ఎవరి చెయ్యీ నోటి దాకా పోలేదు.

"మరి ఈ పాట బాలేదు, మార్చండే అని రోజూ తిట్టేదానివి గదవ్వా!" అని ఆమె చెవి దగ్గరికి వంగి అరిచింది ఎలిజబెత్.

"మీ చేతులు పడిపోతాంటే తెలీదా? అప్పుడు మార్చమంటి." తిరుపాలమ్మ ముద్ద విప్పింది. "పాట మీది. నేను చెయ్యి చూసి పోతాంటి. ముందు నా బిడ్డ చెయ్యి. ఇప్పుడు నీ చెయ్యి. నువ్వు ఉరికితే నేనేడ చూసేది?"

చేని అవతల నారాయణప్ప మోటారు వేశాడు. కదిరమ్మ తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. సంగటి అంటిన ఆ చేతిని, ఎవరిదో చూసినట్లు చూసింది. ఎలిజబెత్ కొంగున ఉన్న పెట్టె మీట నొక్కబోయి, ఆగి, "ఆపేద్దునా అక్కా?" అంది మెల్లగా.

తిరుపాలమ్మకు మాట వినపడలేదు గానీ మీట మీది చెయ్యి కనిపించింది. "ఏమిటికి ఆపేది? పాట లేకుంటే మీకు పొద్దుపోదు. కానీండి" అంది. నములుతూ మళ్లీ అంది: "అదీగాక, దాని గొంతు బాగుండాది."

మధ్యాహ్నం అందరూ తలా ఒక చెయ్యి వేసి తిరుపాలమ్మ సాలును వరసకు తెచ్చారు. కదిరమ్మ ఆమెకు సమంగా కాకుండా, పక్క సాల్లో మూరెడు ముందుగా కూర్చుంది, చెయ్యి కనిపించేలా. ఒక మొక్క. మట్టి దులపడం. పోచ పక్కన పెట్టడం. ఇంకొక మొక్క. మొదట్లో చెయ్యి మాట వినలేదు, రెండు రోజులుగా పట్టిన ఉరుకు దానిది. ఆమె పళ్లు బిగించి దాన్ని పట్టుకుంది, పొగరుబోతు దూడను తాడుతో పట్టినట్లు. కాసేపటికి లొంగింది.

అటు పక్క ఎలిజబెత్ చెయ్యి నెమ్మదించింది. ఆ పక్కామెది. వరస చివరి దాకా.

గట్టు మీద నారాయణప్ప ఇది గమనించాడు. లాభం లేదనుకొని పోయి తన పెట్టె వేశాడు. ఎర్ర దీపాలు వెలిగాయి, ఆడమనిషి ఇంగ్లీషులో కోప్పడింది, డప్పులు చేనంతా కమ్ముకున్నాయి. ఎలిజబెత్ కొంగున పాట వినిపించకుండా పోయింది. తిరుపాలమ్మ ఒక్కసారి కాలి కింద నేలను చూసి, మళ్లీ కదిరమ్మ చేతిని చూసింది.

ఒక మొక్క. మట్టి దులపడం. పోచ పక్కన పెట్టడం.

చిన్నవాళ్ల భుజాలు ఒకసారి ఊగాయి. "అక్క చెయ్యి చూడండే" అని ఎలిజబెత్ కసిరింది. భుజాలు ఆగాయి. తిరుపాలమ్మ సాల్లో గరిక దుబ్బు ఒకటి పెద్దది వచ్చింది. అటు నుంచి ఒక చెయ్యి, ఇటు నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని పీకాయి.

నారాయణప్ప శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. పక్క చేని కొంగలు లేచిపోయాయి. జట్టు మాత్రం పెండ్లిలో పంక్తికి కూర్చున్నట్లు నిదానంగా పోతోంది. ఆయన పెట్టె దగ్గరికి పోయి చెవి ఆనించి, నొప్పికి గబుక్కున తీసుకున్నాడు. పైన రెండు దెబ్బలు కొట్టాడు. వెనుక మూత విప్పి చూశాడు. చివరకు ఫోను తీసి, "ఏంరా, నువ్వు ఇచ్చిన పెట్టె పని చేస్తాలేదే" అని మేనల్లుడి మీద అరిచాడు. వెనుక డప్పుల హోరులో అవతలివాడికి ఆ మాట ఎట్లా అర్థమైందో తెలియదు.

పొద్దు వాలేసరికి ఆయన గట్టు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. వెనుకబడిన మనిషి కోసం చూశాడు. మొదటి నుంచి మళ్లీ చూశాడు. అందరూ ఒకే వరసలో ఉన్నారు, దారం కట్టి నిలబెట్టినట్లు. తిరుపాలమ్మ కూడా ఆ వరసలోనే నడుము పట్టుకొని లేచి నిలబడి, "ఏమప్పా, ఏమన్నా పోగొట్టుకొంటివా?" అని గట్టిగా అడిగింది.

"ఏం లేదులే పెద్దమ్మా" అన్నాడు నారాయణప్ప.

ఆయన కదిరమ్మ వైపు తిరిగాడు. "ఇంకా మిగిలిందే!"

"మిగిలినాది అన్నా."

"రేపు వస్తారా?"

"వస్తాం."

"ఎవరెవరు?"

కదిరమ్మ కొడవలికి అంటిన మట్టిని గట్టు రాయికి తుడిచింది. "అందరం."

నారాయణప్ప ఒక మొక్కను పట్టి లేపి, ఊడలు ఎంత దిగాయో చూశాడు. దాన్ని వదిలి, చేతులు దులుపుకున్నాడు. "రాండి, ఇంకేం జేద్దు" అన్నాడు.

ఆడవాళ్లు ఆటో వైపు నడిచారు. పడమటి గట్టు పక్క సాళ్లలో కలుపు తీయడం ఇంకా మిగిలే ఉంది.